చోటు తానే వెతుక్కునే జీవి – ఉప్పునీటి అక్వేరియం: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈ నెల అందిన ఉత్తరాలలో మూడు ఒకే జీవిని గురించి ఉన్నందువల్ల, ఈసారి శీర్షిక మొత్తాన్ని, పువ్వులా కనబడే సముద్ర జంతువు సీ అనిమోన్‌కే కేటాయిస్తున్నాను. మొదటి ఉత్తరానికి జవాబు కాస్త పొడుగైంది. మిగిలిన ఇద్దరూ దాన్ని కూడా చదవవలసిందిగా కోరుతున్నాను, ఎందుకంటే వారి సందేహాలకు సగం సమాధానం అందులోనే ఉంది.

ప్రశ్న: మా హాల్లో పగడాలు పెంచే 200 లీటర్ల రీఫ్ ట్యాంకు పెట్టి పది నెలలైంది. ఒక జత ఓసెల్లారిస్ క్లౌన్ చేపలు, ఒక క్లీనర్ రొయ్య, నాలుగైదు మెత్తని పగడాలు ఉన్నాయి. చేపలకు తోడుగా ఉంటుందని మూడు నెలల క్రితం ఒక బబుల్ టిప్ అనిమోన్‌ను తెప్పించాము. మా అబ్బాయి దాన్ని ముందు వైపు రాయి మీద పెడితే మూడుసార్లు కదిలిపోయింది. మూడుసార్లూ పీకి మళ్లీ అక్కడే పెట్టాడు. నాలుగో రోజు ఉదయానికి, నీటిని అలలా కదిలించే మోటారు వేవ్ మేకర్‌లో చిక్కి ముక్కలైపోయింది. వచ్చే వారం ఇంకొకటి వస్తోంది. ఈసారి అది నిలదొక్కుకోవాలంటే ఏమేం చేయాలి? ఎండలు కూడా ముదురుతున్నాయి.
– ఒక పాఠకురాలు, పటమట, విజయవాడ

జవాబు: ముందుగా మీ అబ్బాయిని తప్పుపట్టకండి. ఈ పొరపాటు నేనూ చేశాను. సత్యనారాయణపురంలో అద్దెకున్న రోజుల్లో మా ఇంటికి వచ్చిన మొదటి అనిమోన్‌ను, కుర్చీలో కూర్చుంటే కనబడాలన్న ముచ్చటతో, ట్యాంకు ముందు భాగంలో ఒక రాయి మీద పెట్టాను. అది రాత్రికి రాత్రి వెనక్కి జరిగింది. నేను ముందుకు తెచ్చాను. మళ్లీ జరిగింది, మళ్లీ తెచ్చాను. మూడో రాత్రి పట్టు వదిలేసి నీటిలో తేలి, మోటారు రెక్కలకు చుట్టుకుంది. తెల్లవారి లైటు వేసి చూస్తే ట్యాంకులో నీళ్లు బియ్యం కడిగిన నీళ్లలా తెల్లగా ఉన్నాయి. తుంపులైన స్పర్శకాలు, అంటే దాని నోటి చుట్టూ ఉండే వేళ్లలాంటివి, ఇసుక మీద ఇంకా జిగటగా ఒకదానికొకటి అంటుకుంటున్నాయి. చేపలు పైకి వచ్చి నీటి అంచున నోళ్లు తెరుస్తున్నాయి. ఆ రోజు ఆఫీసుకు సెలవు పెట్టి, సిద్ధంగా ఉన్న ఉప్పునీళ్లన్నీ మార్చి, నీటిలోని మలినాన్ని పీల్చుకునే కార్బన్ వేసి చేపలను దక్కించుకున్నాను గాని, ఆ అనిమోన్‌ను చంపింది మోటారు కాదు, నా చేతులేనని ఒప్పుకోవడానికి చాలా కాలం పట్టింది.

పగడాన్ని జిగురుతో రాయికి అతికిస్తే అతికించిన చోటే ఉంటుంది. అనిమోన్ అలా కాదు. పువ్వులా కనబడినా అది కుట్టే కణాలున్న జంతువు, పగడాలకూ జెల్లీ చేపలకూ దగ్గరి చుట్టం. దాని అడుగున కండగల పాదం ఉంటుంది. ఆ పాదంతో రాతిని పట్టుకుని నిలబడుతుంది, నచ్చకపోతే అదే పాదంతో మెల్లగా పాకుతుంది. పాదం దాచుకోవడానికి ఒక బొరియ, తన ఒంట్లో కాపురముండే జూజాంథెల్లే అనే సూక్ష్మ శైవలాలకు చాలినంత వెలుతురు, మురికిని ఊడ్చుకుపోయి తిండిని తెచ్చేటంత నీటి కదలిక – ఈ మూడూ కలిసిన చోటు ట్యాంకులో ఎక్కడుందో దానికి తెలిసినట్టు మనకు తెలియదు. అందువల్ల మన పని చాలావరకు అది ఇంటికి రాకముందే పూర్తి కావాలి. వచ్చాక మిగిలేదల్లా చేతులు కట్టుకుని చూడటం, అది చేయడమే అందరికీ కష్టం.

ఓపిక పట్టడానికి తగిన జీవే ఇది. స్కాట్లాండ్‌లో సర్ జాన్ డాలియెల్ అనే ప్రకృతి శాస్త్రజ్ఞుడు 1828లో తీరం నుంచి తెచ్చి గాజు జాడీలో పెట్టుకున్న ఒక చిన్న అనిమోన్, ఆయన పోయిన తరువాత కూడా చేతులు మారుతూ 1887 దాకా బతికింది. ‘అమ్మమ్మ’ అనే అర్థం వచ్చే ముద్దు పేరు కూడా దానికి ఉండేది. అది మన బబుల్ టిప్ జాతి కాకపోయినా, ఇంట్లో అనిమోన్ కొద్ది రోజులకో, కొద్ది నెలలకో పోయిందంటే వయసు తీరి పోలేదని మాత్రం దీనివల్ల అర్థమవుతుంది.

ఇక నీటి సంగతి. అనిమోన్‌కు ట్యాంకు వయసు కనీసం ఆరు నెలలు, వీలైతే ఏడాది ఉండాలని నేను చెబుతుంటాను. మీది పది నెలలు కాబట్టి ఆ చింత లేదు. అమ్మోనియా, నైట్రైట్ సున్నా ఉండాలి. నైట్రేట్ లీటరుకు పది మిల్లీగ్రాములకు మించకుండా ఉంటే మంచిది. ఉప్పదనం కిలో నీటికి 35 గ్రాములు, అంటే రిఫ్రాక్టోమీటర్‌లో సాంద్రత 1.025 లేదా 1.026. ఉష్ణోగ్రత 24 నుంచి 27 డిగ్రీల మధ్య, పి.హెచ్. 8.1 నుంచి 8.4 మధ్య, పి.హెచ్. పడిపోకుండా కాపాడే ఆల్కలినిటీ డి.కె.హెచ్. అనే కొలతలో 8 నుంచి 11 మధ్య ఉండనివ్వండి. అయితే ఈ అంకెలను ఒక్క రోజు సాధించడం కంటే రోజూ ఒకేలా నిలబెట్టడం ముఖ్యం. అనిమోన్ ఒళ్లంతా నీళ్లే; లోపలి ఉప్పును తనంతట తాను సరిదిద్దుకునే ఏర్పాటు దానికి లేదు కాబట్టి, బయటి నీటిలో వచ్చే ప్రతి మార్పునూ ఒంటితోనే భరించవలసి వస్తుంది.

విజయవాడలో ఈ నిలకడను చెడగొట్టేది ప్రధానంగా ఆవిరి. నీరు ఆవిరైపోతుంది, ఉప్పు మిగిలిపోతుంది. ట్యాంకు మీద ఫ్యాన్ పెట్టినందువల్ల మీ 200 లీటర్లలో రోజుకు మూడు లీటర్లు పోతున్నాయనుకోండి; పెళ్లికని నాలుగు రోజులు ఊరెళ్లి వచ్చేసరికి 12 లీటర్లు తగ్గి, 35 ఉన్న ఉప్పదనం 37 దాటుతుంది. ఇంటికి రాగానే కంగారుపడి ఒకేసారి 12 లీటర్ల మంచినీళ్లు పోస్తే అది రెండో దెబ్బ. తగ్గిన నీటిని రోజూ, వీలైతే పూటపూటా, ఉప్పు కలపని శుద్ధమైన నీటితోనే భర్తీ చేయాలి. ఫ్లోట్ స్విచ్‌తో తనంతట తానే నీళ్లు పోసే ఆటో టాప్ అప్ పరికరం పెట్టుకుంటే ఊళ్లు తిరిగేవారికి నిశ్చింత.

శుద్ధమైన నీరంటే వంటింటి ఆర్.ఓ. నీళ్లు కావు, ఇరవై లీటర్ల క్యాను నీళ్లూ కావు. తాగడానికి రుచిగా ఉండాలని వాటిలో కొంత లవణాన్ని ఉంచుతారు. మనకు కావలసింది ఆర్.ఓ. తరువాత, మిగిలిన లవణాలను పట్టేసే డి.ఐ. రెసిన్ గొట్టం గుండా కూడా వచ్చి, కరిగిన లవణాలను కొలిచే టి.డి.ఎస్. మీటరులో సున్నా చూపించే నీరు. కార్పొరేషన్ కుళాయిలో వచ్చేది కృష్ణ నీరే అయినా అందులో క్లోరిన్ ఉంటుంది. పాత ఇత్తడి, రాగి అమరికల గుండా వస్తే రాగి కూడా చేరవచ్చు. చేప తట్టుకునేటంత రాగిని అనిమోన్ తట్టుకోలేదు.

ఎండల గురించి మీరే ప్రస్తావించారు. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయన్న ఊళ్లో గాజు తొట్టె నీళ్లు చల్లగా ఉంటాయనుకోవడం మన ఆశ మాత్రమే. క్లిప్ ఫ్యాన్ రెండు మూడు డిగ్రీలు తగ్గించగలదు, అదీ గాలిలో తేమ తక్కువగా ఉన్నప్పుడు. మే నెలలో మధ్యాహ్నం గదిలోనే 38 డిగ్రీలు ఉంటే ఫ్యాను వల్ల ట్యాంకు 27కు దిగదు. చిల్లర్ కావాలి, లేదా ఆ గదిలో పగలంతా ఏ.సీ. నడవాలి. వేడెక్కిన నీటిలో ప్రాణవాయువు తక్కువగా నిలుస్తుంది, పైగా వేడికి అనిమోన్ తన శైవలాలను బయటికి వదిలేసి తెల్లబడుతుంది. కరెంటు పోయినప్పుడు నడవడానికి బ్యాటరీ ఎయిర్ పంపు ఒకటి తప్పకుండా ఉంచుకోండి. మీ ఇంట్లో చిల్లర్ గాని, ఆ గదికి ఏ.సీ. గాని లేకపోతే నా సలహా ఒక్కటే: వచ్చే వారం రావలసినదాన్ని వానలు పడేదాకా అమ్మకందారు దగ్గరే ఉంచమని చెప్పండి. కొంత అడ్వాన్సు పోయినా ఫరవాలేదు. ఇంకో ప్రాణం పోవడం కంటే అది చవక.

మోటారు విషయంలో ఈసారి రాజీ పడవద్దు. వేవ్ మేకర్ ముఖాన్ని ముతక స్పాంజితో గాని, నైలాన్ వలతో గాని పూర్తిగా కప్పండి. ఓవర్‌ఫ్లో చిల్లులకూ, హీటరు ఉంటే దానికీ అలాంటి రక్షణే అమర్చండి. స్పాంజి రెండు మూడు రోజులకోసారి మురికితో పూడుకుపోతుంది; తీసి కడగకపోతే మోటారు ఉండీ లేనట్టే. అనిమోన్ ఒక చోట కుదురుకుని నెల దాటిందని మీకు నమ్మకం కుదిరాక కూడా ఈ తొడుగు తీయమని నేను చెప్పను, ఎందుకంటే లైటు మార్చినా, రాయి జరిపినా అది మళ్లీ ప్రయాణం కట్టవచ్చు.

కొనేటప్పుడు వీడియో అడగండి. నోరు గట్టిగా మూసుకుని ఉండాలి; స్పర్శకం తగిలితే అంటుకోవాలి; పాదం చిరగకుండా ఉండాలి. గోధుమ, ఆకుపచ్చ, ముదురు ఎరుపు సహజమైన రంగులు. పాలలా తెల్లగా ఉన్నది శైవలాలు పోగొట్టుకున్న రోగి. నిమ్మపండు పసుపులో మెరిసేది తరచుగా రంగు ఎక్కించినది. అందంగా ఉందని రెండింటిలో దేన్నీ తీసుకోవద్దు. స్పర్శకాల చివర బుడగలు లేవని మాత్రం వెనుకాడనక్కరలేదు, ఎందుకంటే ఆ బుడగలు ఆరోగ్యంగా ఉన్నప్పుడు కూడా వస్తూ పోతూ ఉంటాయి. బబుల్ టిప్ తనంతట తాను రెండుగా చీలి పిల్లను ఇస్తుంది కాబట్టి, మన రాష్ట్రంలోనో పక్క రాష్ట్రంలోనో ఎవరి ట్యాంకులోనైనా చీలిన పిల్ల దొరికితే అదే అన్నిటికంటే మేలు; తొట్టె బతుక్కి అది పుట్టుకతోనే అలవాటు పడి ఉంటుంది.

వచ్చిన రోజు తొందర వద్దు, మరీ తాత్సారమూ వద్దు. ట్యాంకు లైటు ఆర్పి, సంచిని మూసి ఉండగానే పావుగంట నీటి మీద తేలనివ్వండి. తరువాత సంచి విప్పి నీటితో సహా శుభ్రమైన బకెట్టులోకి దింపి, ముందు దాని ఉప్పదనం కొలవండి. ఖర్చు తగ్గించుకోవడానికి తక్కువ ఉప్పులో ఉంచే దుకాణాలు ఉన్నాయి. మందుల షాపులో దొరికే సెలైన్ సెట్టు ఈ పనికి చక్కగా సరిపోతుంది: ఒక కొసను ట్యాంకులో ముంచి, చక్రం తిప్పి సెకనుకు నాలుగైదు చుక్కలు పడేలా పెడితే గంటలో సుమారు లీటరు నీరు చేరుతుంది. బకెట్టులో నీరు రెండింతలయ్యాక సగం పారబోసి, ఉప్పదనం ట్యాంకుతో సమానమయ్యేదాకా ఇంకొంచెం సేపు కానివ్వండి. పూటంతా అలా వదిలేయడం మాత్రం ప్రమాదం. ప్రయాణంలో సంచిలో అమ్మోనియా చేరుతుంది. మూసిన సంచిలో బొగ్గుపులుసు వాయువు వల్ల పి.హెచ్. తక్కువగా ఉండి అది అంతగా హాని చేయదు. సంచి విప్పగానే ఆ వాయువు పోయి పి.హెచ్. పెరుగుతుంది, అంతదాకా నిద్రపోయిన విషం నిద్రలేస్తుంది. గంట, గంటన్నరలో ముగించండి. సంచి నీళ్లు ఒక్క చుక్క కూడా ట్యాంకులో కలపవద్దు.

ట్యాంకులో దింపే ముందు వేవ్ మేకర్ ఆపేయండి. చేతులకు సబ్బు గాని, క్రీము గాని లేకుండా చూసుకుని, పాదాన్ని అరచేతిలో ఆనించి, మధ్యస్థమైన వెలుతురు తగిలే రాయిలో బొరియ ముఖాన వదలండి. అరగంట సేపు నీరు కదలకుండా ఉంటే పాదం పట్టు చిక్కుతుంది. పట్టు దొరక్క దొర్లిపోతుంటే చిల్లుల ప్లాస్టిక్ బుట్టను దాని మీద రాత్రంతా బోర్లించి ఉంచవచ్చు. మెత్తని పగడాలను అంతకు ముందే కనీసం జానెడు దూరం జరిపి పెట్టండి, ఎందుకంటే అనిమోన్ నడిచే దారిలో తగిలినవాటన్నిటినీ కుడుతుంది. అక్కడి నుంచి అది ఎటు వెళ్లినా మీ అబ్బాయి చేతులు జేబుల్లోనే ఉండాలి.

లైటును మొదటి రోజే పూర్తిగా వెలిగించకండి. సంచిలో చీకట్లో వచ్చిన జీవికి, దుకాణంలో మసక వెలుతురులో ఉన్న జీవికి మన ఎల్.ఇ.డి. కాంతి మిట్ట మధ్యాహ్నపు ఎండలాంటిది. సగానికి తగ్గించి, రెండు మూడు వారాల్లో క్రమంగా పాత స్థాయికి తీసుకురండి.

క్లౌన్ చేపల గురించి ఒక మాట చెబితే మీకు కాస్త నిరాశ కలగవచ్చు. సముద్రంలో ఓసెల్లారిస్ చేపలు బబుల్ టిప్‌లో కాపురం పెట్టవు. వాటికి సహజమైన నెలవులు వేరే మూడు పెద్ద అనిమోన్ జాతులు. ట్యాంకులో మాత్రం చాలాసార్లు బబుల్ టిప్‌ను ఒప్పుకుంటాయి. ఒప్పుకోవడానికి గంట పట్టవచ్చు, ఆరు నెలలు పట్టవచ్చు, అసలు ఒప్పుకోకపోవచ్చు. ఆత్రంగా ఒప్పుకుంటేనే అసలు చిక్కు: కొత్తగా వచ్చి నీరసంగా ఉన్న అనిమోన్‌లో అవి రోజంతా పొర్లుతూ దాన్ని విచ్చుకోనివ్వవు. అలా జరిగితే వారం పది రోజుల పాటు మధ్యలో చిల్లుల అడ్డు పెట్టండి. చేపలు లేకపోయినా అనిమోన్ హాయిగా బతుకుతుంది.

మొదటి వారం తిండి పెట్టకండి. కుదురుకున్నాక వారానికి ఒకటి రెండుసార్లు, శనగ గింజంత ముక్క చాలు. పెద్ద ముక్క వేస్తే మింగినట్టే మింగి మర్నాడు కక్కేస్తుంది, అది కుళ్లి నీళ్లు చెడతాయి. మన జిల్లాల్లో రొయ్యకు కొదవ లేదు కాబట్టి అందరూ మార్కెట్ రొయ్యనే తరిగి వేస్తారు. మీ ట్యాంకులో క్లీనర్ రొయ్య ఉంది కనుక నేను వద్దంటాను: చెరువుల రైతులను ముంచే తెల్లమచ్చ వైరస్ పచ్చి రొయ్య ద్వారా దానికి అంటవచ్చు, ఫ్రీజరులో పెట్టినంత మాత్రాన ఆ వైరస్ చావదు. ఉప్పు, పసుపు తగలని సముద్రపు చేప ముక్క వాడండి.

ప్రశ్న: నాలుగు రోజుల క్రితం మా ట్యాంకులోకి బబుల్ టిప్ అనిమోన్ వచ్చింది. పగలంతా పళ్లెమంత విచ్చుకుని ఉంటుంది. సాయంత్రం లైటు ఆరే వేళకు నిమ్మకాయంత ముడుచుకుపోయి, నోటి నుంచి గోధుమ రంగు జిగురు దారాన్ని వదులుతోంది. నిన్నటి నుంచి అద్దం మీద పైకి పాకుతోంది. అది చచ్చిపోతోంది, తీసేయమని దుకాణంవారు అన్నారు. చేపలకు వాడే రాగి మందు వేయమని ఒక మిత్రుడు చెప్పారు. ఏది వినాలి?
– ఒక పాఠకుడు, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: రెండూ వినవద్దు. ముఖ్యంగా ఆ రాగి మందు సీసాను ట్యాంకు ఉన్న గదిలోనే ఉంచకండి. చేపల ఒంటి మీది తెల్లచుక్కల పరాన్నజీవిని చంపే రాగి, వెన్నెముక లేని జీవులన్నిటికీ విషమే. ఒకసారి వేస్తే రాళ్లలోకీ, ఇసుకలోకీ ఇంకి ఆ తరువాత చాలా కాలం మెల్లగా బయటికి వస్తూ ఉంటుంది. ఆ ట్యాంకులో మళ్లీ అనిమోన్‌ను పెంచాలంటే రాళ్లూ ఇసుకా మార్చవలసి రావచ్చు.

మీరు వర్ణించిన ముడుచుకోవడం రోగం కాదు. అనిమోన్‌కు తిండి లోపలికి వెళ్లేదీ, మలినం బయటికి వచ్చేదీ ఒకే నోరు. ఒంట్లోని పాత నీటిని పిండేసుకుని, వ్యర్థాలనూ, ఎక్కువైన శైవలాలనూ ఆ గోధుమ రంగు దారంగా వదిలి, మళ్లీ కొత్త నీటితో నిండుతుంది. ప్రయాణం చేసి వచ్చిన కొత్తలో రోజుకు ఒకసారి, ఒక్కొక్కప్పుడు రెండుసార్లు ఇలా చేయడం మామూలే. పగలంతా పళ్లెమంత విచ్చుకుంటోందని మీరే రాశారు కదా, చచ్చిపోయేది అలా విచ్చుకోదు.

భయపడవలసిన గుర్తులు వేరు. నోరు గంటల తరబడి బాగా తెరుచుకుని లోపలి పొరలు బయటికి వేలాడటం, పాదం దేనినీ పట్టుకోకుండా ఒకటి రెండు రోజులు ఇసుక మీద దొర్లడం, స్పర్శకాలకు జిగట పోవడం, ఒళ్లు దూదిలా విడిపోవడం. అనుమానం తీరకపోతే ఒక ప్లాస్టిక్ గరిటెతో నీటి పైకి తెచ్చి వాసన చూడండి. బతికున్నదానికి సముద్రపు వాసన తప్ప మరేమీ ఉండదు. పోయినదాని వాసన, అమ్ముడుపోక రెండు రోజులు మిగిలిన చేపల గంప వాసన లాంటిది. పొరపాటు పడటానికి ఆస్కారమే లేదు. అప్పుడు మాత్రం క్షణం ఆగకుండా తీసేసి, నాలుగో వంతు నీళ్లు మార్చి, కార్బన్ పెట్టాలి.

ఇక అద్దం ఎక్కడం గురించి. అది పైకి పోతోందంటే వెలుతురు చాలలేదేమోనని మొదట అనుమానించాలి, దీపానికి దూరంగా పెట్టిన మొక్క తల వంచినట్టు. మీ లైటు ఏ రకమో రాయలేదు. చేపల ట్యాంకుకు వాడే మామూలు తెల్ల ట్యూబు అయితే అదే కారణం. పగడాలకు వాడే ఎల్.ఇ.డి. అయి ఉండి, కొత్తదని మరీ తగ్గించి ఉంటే కొద్దికొద్దిగా పెంచండి. లైటు సరిగానే ఉంటే నీటిని పరీక్షించండి: ముందు ఉప్పదనం, తరువాత అమ్మోనియా, ఆల్కలినిటీ. గుంటూరులో చాలా ఇళ్లలో బోరు నీళ్లే కాబట్టి, మీరు భర్తీకి పోసే నీటి టి.డి.ఎస్. కూడా చూడండి. అది సున్నా కాకపోతే రోజూ కాస్త కాస్తగా మీరే ట్యాంకులోకి అనవసరపు లవణాలను పోస్తున్నారన్నమాట.

ఆలోగా దాన్ని అద్దం నుంచి పీకకండి. పాదం చిరిగితే ఆ గాయం కుళ్లి, బాగున్న జీవి నిజంగానే పోతుంది. జరపక తప్పని పరిస్థితి వస్తే వేలితో కాక, మెత్తని ప్లాస్టిక్ కార్డును పాదం అంచు కింద ఒక పక్క నుంచి కొద్దికొద్దిగా దూర్చి, అది తనంతట తాను వదిలేదాకా ఆగాలి; రాయి మీద ఉంటే రాయితో సహా జరపడమే సులువు. మోటారుకు తొడుగు వేశారా లేదా అన్నది మాత్రం ఈ రాత్రే చూసుకోండి, ఎందుకంటే మనం నిద్రపోయాక కూడా అనిమోన్లు తిరగవచ్చు.

ప్రశ్న: అక్వేరియం కోసం అమ్మే ప్యాకెట్ ఉప్పు ధర భరించలేకపోతున్నాను. గుంటూరు నుంచి సూర్యలంక దగ్గరే కదా, క్యాన్లలో సముద్రపు నీరు తెచ్చుకుని అనిమోన్ ట్యాంకుకు వాడవచ్చా? లేదా చినగంజాం కల్లు ఉప్పు కలుపుకోవచ్చా?
– ఒక పాఠకుడు, కొరిటెపాడు, గుంటూరు

జవాబు: ఒడ్డున ముంచిన నీరు వద్దు. కృష్ణ హంసలదీవి దగ్గర సముద్రంలో కలుస్తుంది. నది తెచ్చే ఒండ్రు, పొలాల నుంచి కొట్టుకొచ్చే ఎరువులు, పురుగు మందులు ఆ తీరం నీటిలో ఎంతో కొంత ఉంటాయి. వరదల నెలల్లో మన తీరంలో ఉప్పదనం బాగా పడిపోతుంది. బంగాళాఖాతంలోకి గంగ, బ్రహ్మపుత్ర మొదలుకొని మహానది, గోదావరి, కృష్ణ వరకు ఇన్ని పెద్ద నదులు మంచినీరు పోస్తుంటే అది వేరేలా ఉండే వీలు లేదు. ఈ నెల తెచ్చిన నీటికీ, వచ్చే నెల తెచ్చే నీటికీ పొంతన కుదరదు, అనిమోన్‌కు సరిపడనిది సరిగ్గా అదే.

చినగంజాం ఉప్పు పచ్చళ్లకు మంచిది, ట్యాంకుకు పనికిరాదు. కల్లు ఉప్పు దాదాపుగా సోడియం క్లోరైడే. సముద్రపు నీటిలో కరిగిన లవణాలలో అది సుమారు 85 శాతం మాత్రమే. మిగిలినవాటిలో మెగ్నీషియం, సల్ఫేటు, కాల్షియం, పొటాషియం ముఖ్యమైనవి. ఉప్పు పండించేటప్పుడు మడిలో చివరికి మిగిలే చేదు నీటిని పారబోస్తారు. మనకు కావలసిన మెగ్నీషియంలో అధిక భాగం ఆ నీటితోనే పోతుంది. అనిమోన్‌కు ఇవన్నీ తగిన పాళ్లలో కావాలి.

ఖర్చు తగ్గే దారి వేరే ఉంది. ప్యాకెట్ ఉప్పును చిన్న డబ్బాలుగా కాక పెద్ద బకెట్టుగా, ఇద్దరు ముగ్గురు కలిసి కొని పంచుకోండి. పంచుకునే ముందు మూత బిగించి బాగా దొర్లించాలి, లేకపోతే రవాణాలో బరువైన లవణాలు అడుక్కి దిగి ఒకరికి ఎక్కువ, ఇంకొకరికి తక్కువ వస్తాయి. గాలి తగిలితే ఉప్పు తేమ పీల్చి గడ్డకడుతుంది కాబట్టి వానాకాలంలో డబ్బా మూత విషయంలో జాగ్రత్త. నీళ్లు కలిపేటప్పుడు ఉప్పులో నీళ్లు కాక, నీళ్లలో ఉప్పు పోయండి. చిన్న మోటారుతో ఒక రోజంతా తిరగనిచ్చి, ట్యాంకు ఉష్ణోగ్రతకు వచ్చాక, రిఫ్రాక్టోమీటర్‌తో మరొకసారి కొలిచి అప్పుడు వాడండి.